నియంత్రణలో నిమ్మతోట

మా తోడల్లుడు డాక్టరేటు పుచ్చుకున్న ఏడాదే మా నిమ్మతోటకి శని పట్టింది.

పురుగు పట్టని మిరపతోటల్లో పురుగుల ప్రవర్తన మీద ఆయన పరిశోధన చేశాడు. పట్టా చేతికొచ్చాక మా అత్తవారి వైపు ఏ శుభకార్యం జరిగినా ఆయనకి ముందు వరసలో మెత్తటి కుర్చీ వేసేవారు. నాకు వంటశాలలో చోటు దొరికేది. పులిహోరలోకి కాయలు మా తోటవే గనక, "నిమ్మకాయల సుందరం వచ్చాడా?" అని వంటవాళ్ళు నాకోసం ఎదురు చూసేవారు కూడాను. నాకు సోమసుందరం అనే నిండు పేరు ఒకటుందని శుభలేఖలు అచ్చువేసేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

తోట మా తాతగారు వేసింది. మెట్ట ప్రాంతం, ఎర్ర నేల. ఆయన బావి తవ్వించారు. మా నాన్నగారు బోరు వేయించారు. నేను మోటారు షెడ్డుకి ఆకుపచ్చ రంగు వేయించాను. పాదులు చేయించడం, పశువుల గత్తం తోలించడం, ఎండుపుల్ల తీయించడం, కాయ కోయించి మార్కెట్టుకి పంపడం మా ఆవిడ మంగతాయారు చూసుకునేది. నేను సాయంత్రాలు చేతులు వెనక్కి కట్టుకుని చెట్ల మధ్య తిరిగేవాణ్ణి. అదీ పనేనని నా నమ్మకం.

అలాంటి రోజుల్లో ఒక జీపు వేడెక్కి మా గేటు ముందు ఆగిపోయింది. అందులోంచి దిగినాయన డాక్టర్ త్రివిక్రమంగారు, అఖిల ప్రాంత నిమ్మజాతి విజ్ఞాన మండలికి ప్రధాన సమన్వయకర్త. ఇంజను చల్లబడేదాకా అరుగు మీద కూర్చోబెట్టి నిమ్మరసం ఇచ్చాం. ఆయన తాగి, ఖాళీ గ్లాసుని వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, "ఈ క్షేత్రంలో అపారమైన వైజ్ఞానిక సంభావ్యత నిద్రాణమై ఉన్నదండీ," అన్నారు.

మా తోటలో మధ్యాహ్నం పూట నిద్రాణమై ఉండేది నేనొక్కణ్ణే అని అంతవరకూ అనుకునేవాణ్ణి.

"అయితే ఏం చెయ్యమంటారు?" అని అడిగాను.

"తమరు చేయవలసినది ఏమీ లేదు. భూమి తమదే, వృక్షాలు తమవే. శాస్త్రం మాది. ఇక్కడ పరిశోధనా కేంద్రం నెలకొల్పి, తమరిని గౌరవ సంచాలకులుగా నియమించడానికి మండలి సుముఖంగా ఉంటుంది."

గౌరవ సంచాలకులు. ఆ మాట చెవిన పడగానే నా వీపు దానంతటది నిటారైంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మంగతాయారు, "చెట్లకి నీళ్ళెవరు పెడతారండీ?" అని అడిగింది. నేను ఆవిడకేసి తిరిగి కళ్ళెర్రజేశాను. శాస్త్రజ్ఞుల ముందు అడగవలసిన ప్రశ్నా అది?

ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు పూర్తిగా చదవలేదు. చదివినా అర్థమయ్యేది కాదు. అర్థమైనా పెట్టేవాణ్ణి.

గేటుకి బోర్డు కట్టారు. అందులో నా పేరు మండలి పేరు కంటే చిన్న అక్షరాల్లో ఉన్నా, రోడ్డు మీంచి కనిపించేది. నేను రోడ్డు అవతలికి వెళ్ళి చూసి వచ్చాను. బస్సులోంచి కనిపిస్తుందో లేదో తెలుసుకోవడానికి బస్సెక్కి పక్క ఊరి దాకా వెళ్ళి తిరిగొచ్చాను కూడా. కిటికీ పక్క సీటు దొరికితే కనిపిస్తుంది.

మా పాలేరు పోలయ్యని క్షేత్ర సాంకేతిక సహాయకుడిగా మార్చి ఖాకీ చొక్కా, మెళ్ళో వేలాడే కార్డు ఇచ్చారు. మా నాన్నగారి కాలం నుంచీ లుంగీ ఎగ్గట్టుకుని చెట్ల కింద తిరిగిన మనిషి, చొక్కా తొడుక్కున్న మర్నాడు నన్నే గేటు దగ్గర ఆపాడు.

"పాసుందాండి?" అన్నాడు.

"పోలయ్యా, నేనురా."

"ఆయ్, తవరేనండి. కానండి పాసు లేకుండా ఎవర్నీ పంపొద్దని రాసుందండి. కింద తవరి సంతకమే ఉందండి."

ఉన్నమాటే. ఆ ఉత్సాహంలో ఏది ముందు పెడితే దాని మీద సంతకం పెట్టాను. నా పాసు నేనే రాసుకుని, నేనే మంజూరు చేసుకుని, పోలయ్యకి చూపించి తోటలోకి వెళ్ళాను. వాడు సెల్యూట్ చేశాడు. ఎందుకు దాచాలి, ఆ సెల్యూట్ కోసం ఆ రోజు ఇంకోసారి బయటికొచ్చి లోపలికి వెళ్ళాను.

పరిశోధన మొదలవ్వాలంటే ముందు మూలస్థితి నమోదు కావాలన్నారు త్రివిక్రమంగారు. అంటే ఎవరూ ఏమీ చేయకపోతే చెట్టు ఎలా ఉంటుందో తెలుసుకోవడం. అది తెలిస్తేనే, ఏదైనా చేసినప్పుడు వచ్చిన మార్పు తెలుస్తుంది.

"కనుక మూలస్థితి నమోదు పూర్తయ్యే వరకు ఈ క్షేత్రంలో ఎటువంటి మానవ ప్రమేయమూ జరగరాదు. నీరు ప్రమేయం. ఎరువు ప్రమేయం. ఫలసేకరణ అతి తీవ్రమైన ప్రమేయం."

"నమోదు ఎప్పటికి పూర్తవుతుందండీ?"

"నమోదు ఉపసంఘం ఏర్పాటు కాగానే."

మోటారుకి తీగ చుట్టి లక్క సీలు వేశారు. ఇంట్లో వాడకానికి పంచాయతీ కుళాయి ఉంది గనక మాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది చెట్లకి, వాటి తరఫున మాట్లాడడానికి ఉపసంఘం ఇంకా ఏర్పాటు కాలేదు.

కాయలు పండి రాలడం మొదలైంది. రాలిన కాయని కూడా ముట్టుకోకూడదు, అది పడిన చోటు సమాచారం. తోట నిండా పసుప్పచ్చగా సమాచారం పరుచుకుపోయింది. ఈగలు ముసిరాయి.

ఒకరోజు మంగతాయారు పులిహోర కలుపుతూ, "రెండు కాయలు కోసుకు రండి," అంది.

నేను ఆవిడకి విధానం వివరించాను. నమూనా సేకరణకి దరఖాస్తు పెట్టాలి, ప్రయోజనం రాయాలి, సంచాలకుడి సిఫారసు కావాలి. సంచాలకుణ్ణి నేనే గనక ఆ విషయంలో చూసీ చూడనట్టు పోతానని మాటిచ్చాను. ఆవిడ గరిటె కింద పెట్టి, వీధి చివర కొట్లో కాయలు కొనుక్కొచ్చింది. అయినా నేను దరఖాస్తు పంపాను. పులిహోర ఎప్పుడో తిని మర్చిపోయాక మంజూరు వచ్చింది. పరీక్షానంతరం నమూనాలను యథాస్థితిలో తిరిగి అప్పగించవలెనని షరతు పెట్టారు.

ఈలోగా నగరంలో ఒక సదస్సు జరిగితే నన్ను పిలిచారు. 'నిమ్మచెట్టు మీద నిమ్మకాయ ప్రభావం' అని పత్రం చదివాను. త్రివిక్రమంగారే రాసిచ్చారు. కాయ ఉన్నప్పుడు కొమ్మ వంగుతుందనీ, లేనప్పుడు వంగదనీ అందులో నిరూపించాం. సభలో చప్పట్లు పడ్డాయి. శాలువా కప్పారు. మా తోడల్లుడు వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. ఆ శాలువా ఎండాకాలమని కూడా చూడకుండా ఇంటిదాకా కప్పుకునే వచ్చాను.

గుమ్మంలో మంగతాయారు ఎదురైంది.

"చెట్లు చచ్చిపోతున్నాయండి," అంది.

"చావడం కాదు. ప్రతిస్పందిస్తున్నాయి."

"ఆకు ముడుచుకుపోయింది. కొమ్మలు పైనుంచి ఎండుకొస్తున్నాయి. మీ తాతగారు వేసిన చెట్లండీ అవి."

"అందులో సగం నియంత్రణ చెట్లు. వాటికి ఏమీ చేయకూడదు. మిగతా సగం ప్రయోగ చెట్లు. నియంత్రణ చెట్ల ఫలితం వచ్చేదాకా వాటికీ ఏమీ చేయకూడదు."

"అంటే అన్నీ ఒకలాగే చస్తాయన్నమాట."

"పక్షపాతం ఉండకూడదు కదా," అన్నాను. అది నేను మనస్ఫూర్తిగా అన్నమాట.

ఆవిడ శాలువాని నా భుజం మీంచి తీసి, చెమట వాసన చూసి, ఉతకడానికి పడేసింది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మబ్బుపట్టి వాన పడింది. చెట్లు తల తడుపుకున్నాయి. నాకు లోలోపల సంతోషమే కలిగింది గానీ సంచాలకుడి హోదాలో బయటపడలేదు. మూడోనాడు మండలి నుంచి సంజాయిషీ అడిగారు. నియంత్రణలో ఉన్న క్షేత్రంలోకి ముందస్తు సమాచారం లేకుండా జలప్రవేశం ఎలా జరిగిందని. నేను చాలాసేపు కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసి, జవాబు పంపాను. వర్షం పడిన సమయంలో నేను భోజనం చేస్తున్నాననీ, అందులో నా ప్రోద్బలం ఏమీ లేదనీ, ఇకమీదట పునరావృతం కాకుండా తగు చర్యలు తీసుకుంటాననీ.

నా జవాబు వాళ్ళకి నచ్చింది. తగు చర్యల కింద తోట మీద టార్పాలిన్లు కట్టించారు. పోలయ్య నిచ్చెనెక్కి తాళ్ళు బిగిస్తూ, "ఇంక చుక్క దిగదండి బాబుగారూ," అని హామీ ఇచ్చాడు.

మరి కొన్నాళ్ళకి త్రివిక్రమంగారు తనిఖీకి వచ్చి, ఎండిన చెట్ల మధ్య నడుస్తూ నడుస్తూ మా పెరటి గోడ పక్కకి రాగానే నిలబడిపోయారు. అక్కడ ఒక వరస చెట్లు నవనవలాడుతున్నాయి. కొత్త చిగురు, పూత, గోళీలంత పిందెలు.

"సంచాలకులవారూ, ఇది మామూలు విషయం కాదు," అన్నారు గొంతు తగ్గించి. "నీటి రహిత స్థితిలో ఈ వరస స్వయంగా పరివర్తన చెందినది. ఇది నూతన వంగడం."

కొత్త వంగడానికి 'సుందర' అని పేరు పెట్టారు.

ఆ వరస, ఇంట్లో నేను సంచాలకుడి ఆఫీసని పేరు పెట్టుకున్న గది కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. రోజూ పొద్దుట నేను అక్కడే కూర్చుని పేపరు చదువుతాను. నా సమక్షంలో ఏదో ప్రభావం ఉండి ఉంటుందని నాకు అనిపించింది. త్రివిక్రమంగారితో అంటే ఆయన కాదనలేదు, పరిశీలించదగ్గ కోణమన్నారు. ఆ రోజు నుంచి ఆ కిటికీ దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు కూర్చున్నాను.

రాత్రి భోజనం దగ్గర మంగతాయారుకి గర్వంగా చెప్పాను. ఆవిడ మజ్జిగ పోస్తున్నదల్లా ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలాకాలానికి నవ్వింది.

"నేను గిన్నెలు కడిగిన నీళ్ళూ బియ్యం కడిగిన నీళ్ళూ ఆ చెట్ల మొదళ్ళకే పారేలా కాలవ తీశానండి. స్నానాల గది నీళ్ళు కూడా అటే మళ్ళించాను. తోటంతటికీ నా చేత కాలేదు. గోడ పక్కన ఉన్నవైనా దక్కుతాయని."

కొత్త వంగడం మా అంట్ల నీళ్ళు తాగి బతుకుతోంది. నా ప్రభావం కూడా ఉంటే ఉండి ఉండవచ్చు, నా స్నానం నీళ్ళు కూడా అందులో కలుస్తున్నాయి గనక.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వంగడం పేరు 'సుందర' అయ్యాక నిజానికి అంత తొందరేమిటి? అంట్లు ప్రతి ఇంట్లోనూ తోముతారు, అన్ని పెరళ్ళలోనూ కొత్త వంగడాలు పుడుతున్నాయా అని కూడా నాకు నేను వాదించుకుని చూశాను. వాదన బాగానే ఉంది గానీ, పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా కాలవకేసి చూడకుండా తల తిప్పుకోవలసి వచ్చేది.

పత్రికలో వార్త పడింది. నీరు అక్కర్లేని నిమ్మ. దాంతో జనం రావడం మొదలెట్టారు. ఒక పొద్దుట బుల్లబ్బాయి అని పైమెట్ట రైతొకాయన సైకిల్ మీద వచ్చాడు. చెప్పులు గేటు బయటే విడిచి, లోపలికొచ్చి, పెరటి గోడ పక్క చెట్టు ఆకుని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"మా బోరు ఎండిపోయిందండి," అన్నాడు. "ఇంకో బోరు వేస్తే పడుద్దన్న నమ్మకం లేదండి. జీడిమామిడి ఉందండి కొద్దిగా. కొట్టేసి ఇది వేద్దారని మా ఇంట్లో అందరం అనుకున్నామండి. తవరు సల్లగా ఉండాలండి."

"జీడిమామిడి కాస్తోందా?" అని అడిగాను.

"ఏదో తిండికి సరిపోతందండి."

"అయితే ఉంచుకో. అప్పుడే కొట్టకు."

"ఇదొచ్చాక అదెందుకండి," అని నాకు దండం పెట్టాడు.

ఆయన సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోతుంటే గేటు దగ్గర నిలబడి చూశాను. బోర్డు మీద నా పేరు ఎండలో మెరుస్తోంది. మర్నాడు మొదటి బస్సుకే మండలి ఆఫీసుకి వెళ్ళి త్రివిక్రమంగారికి అంట్ల నీళ్ళ సంగతి అంతా చెప్పేశాను.

ఆయన శ్రద్ధగా విని కళ్ళజోడు తుడుచుకున్నారు.

"తమరి నిజాయితీని మండలి అభినందిస్తుంది. అయితే నీరు అనే అంశం ఈ పరిశోధన పరిధిలో లేదు. పరిధిలో లేనిదాని ప్రభావాన్ని పరిగణించడం అశాస్త్రీయం."

"రైతులు నీళ్ళు పెట్టకుండా వేస్తారండీ. మొక్కలు చచ్చిపోతాయి."

"అప్పుడు దానిని కూడా నమోదు చేస్తాం," అన్నారు.

మొక్కల పంపిణీ మహోత్సవం మా తోటలోనే జరిపారు. టార్పాలిన్లే షామియానా అయ్యాయి, ఎండిన చెట్లకి రంగు కాగితాలు కట్టారు. రైతులు చేతుల్లో తలో మొక్క పట్టుకుని బారుగా కూర్చున్నారు. ముందు వరసలోనే బుల్లబ్బాయి. నన్ను వేదిక మీద మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి మైకిచ్చారు.

"ఈ మొక్కల్లో కొత్తదనం ఏమీ లేదండీ," అన్నాను. "ఇవి గోడ పక్క మామూలు నిమ్మచెట్లకి కట్టిన అంట్లే. ఆ చెట్లు మా ఆవిడ నీళ్ళు పోసింది గనక బతికాయి. పొయ్యనివి ఇదిగో, చుట్టూ చూడండి. నా పేరు చూసి మోసపోకండి. నాకు ఏమీ తెలీదు."

త్రివిక్రమంగారు మైకు తన వైపు లాక్కున్నారు.

"ఇంతటి ఆవిష్కరణ చేసి కూడా తనకేమీ తెలియదనడం మహనీయుల లక్షణం. సంచాలకులవారి వినయానికి మన అభినందనలు," అన్నారు.

చప్పట్లు మారుమోగిపోయాయి. బుల్లబ్బాయి అందరి కంటే గట్టిగా కొట్టాడు. నా జీవితంలో మొట్టమొదటిసారి నా గురించి నేను నిజం చెబితే దానికి కూడా శాలువా కప్పారు.

వేదిక దిగి సరాసరి మోటారు షెడ్డుకి నడిచాను. సీలు తీగని లాగాను. రాలేదు. పళ్ళతో కొరికాను. తీగకి ఏమీ కాలేదు గానీ పంటి చిగురు చిట్లింది. శాలువా మీద రక్తం చుక్కలు పడ్డాయి. వెనకే వచ్చిన పోలయ్య, "నిబంధన ఒప్పుకోదండి," అంటున్నాడు.

మంగతాయారు ఎప్పుడొచ్చిందో, నన్ను పక్కకి జరిపి, కొడవలి మొన తీగలోకి దూర్చి మెలిపెట్టింది. టక్కున తెగింది. స్విచ్చి వేసింది. బోరు కాసేపు దగ్గి, బురద కక్కి, నీళ్ళు పోసింది. పాదుల వెంట పారుతూ నీళ్ళు షామియానా కిందికి వచ్చాయి. ముందు వరస వాళ్ళు కాళ్ళు పైకెత్తుకున్నారు. త్రివిక్రమంగారు కుర్చీ ఎక్కి నిలబడి, "ప్రమేయం, ఇది తీవ్రమైన ప్రమేయం," అంటున్నారు.

మంగతాయారు గొంతు పెంచలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగిన నీళ్ళ బకెట్టు తెచ్చి పెరటి తూములో పోసింది. అవి కాలవ వెంట పారి, చెట్ల మొదట్లో పాదు నింపాయి. "ఇదేనండీ ఆ వంగడం," అంది రైతులకేసి తిరిగి.

బుల్లబ్బాయి లేచి వచ్చి గోడ దగ్గర కూర్చున్నాడు. తడి మట్టి వేలితో తీసి చూశాడు. అందులో రెండు అన్నం మెతుకులున్నాయి. చేతిలో ఉన్న మొక్కని జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసి, చెప్పులు వేసుకుని సైకిలెక్కాడు. ఒకరి తరవాత ఒకరు మిగతావాళ్ళూ మొక్కలు పెట్టేసి వెళ్ళిపోయారు. నాకు దండం ఎవరూ పెట్టలేదు. అంత హాయిగా ఏ సన్మానంలోనూ అనిపించలేదు.

మండలి విచారణ జరిపింది. తోట మొత్తం నీటితో కలుషితమైందనీ, ఇక పరిశోధనకి పనికిరాదనీ తేల్చింది. 'సుందర' రద్దయింది. నన్ను తీసెయ్యాలంటే జీతం లేని పదవిలోంచి ఎలా తీస్తారో వాళ్ళకీ అర్థం కాలేదట. చివరికి గౌరవాన్ని ఉపసంహరించుకున్నామని చెప్పి, బోర్డు విప్పి పట్టుకుపోయారు. పోలయ్య ఖాకీ చొక్కా తిరిగిచ్చేటప్పుడు మాత్రం నిజంగా బాధపడ్డాడు.

సగానికి పైగా చెట్లు పోయాయి. మా తాతగారి చేతి చెట్లలో గేటు వైపువి ఒక్కటీ మిగల్లేదు. కూలీలు మొదళ్ళు తవ్వి తీస్తుంటే నేను అక్కడ ఉండలేక వెళ్ళిపోబోయాను. మంగతాయారు, "ఉండండి. చూడండి," అంది. ఉన్నాను, చూశాను. వేరు ఒక్కొక్కటీ ఎంత దూరం పోయిందో, ఎండిన బావి వైపు ఎంత లోతుకి వెతుక్కుంటూ వెళ్ళిందో అన్నీ చూశాను. ఆవిడ ఆ తరవాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తొలకరి పడ్డాక ఇద్దరం ఖాళీ గోతుల్లో కొత్త మొక్కలు పెట్టడం మొదలెట్టాం. గోతిలో గత్తం వేసి, మొక్క నిలబెట్టి, మొక్కకీ మొక్కకీ మధ్య ఎడం ఎంత ఉంటే గాలి బాగా ఆడుతుందో, ఎండ ఏ వైపు నుంచి తగలాలో నేను ఒక చేత్తో మొక్క పట్టుకుని ఆలోచిస్తున్నాను.

ఆలోచన తేలేలోపు మా ఆవిడ మట్టి కప్పేసి, నన్ను కాలు తియ్యమంది.